నాలుగో నంబరు పేషెంటు

నిద్ర కొలిచే చేతిపట్టీ ఇచ్చేసి రసీదు జేబులో పెట్టుకున్నాక కూడా అతని కుడిచెయ్యి ఎడమ మణికట్టునే తడుముతూ ఉంది. పద్నాలుగు రోజులు అక్కడ ఉన్నది ఇప్పుడు లేదు. చర్మం మీద గళ్ళుగళ్ళుగా అచ్చు పడింది. ఆ అచ్చు మీదికి చొక్కా చెయ్యి లాక్కుని బొత్తం పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కౌంటరులో ఆవిడ ఆ పట్టీని ఒక తీగకు తగిలించి, ఇందులో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కడానికి గంట పడుతుంది, ముప్పై ఒకటో నంబరు వెలిగినప్పుడు డాక్టరమ్మ గదిలోకి వెళ్ళండి అని చెప్పింది. పేషెంటు ఈవిడేనా అని కూడా అడిగింది. అతను పక్కన నిలబడ్డ అత్తగారి వైపు చూసి తల ఊపాడు. అది అబద్ధమేమీ కాదు, పేషెంటు ఆవిడే. పద్నాలుగు రాత్రులూ ఈ పట్టీ ఆవిడ చేతికే ఉందా అని మాత్రం ఆ మనిషి అడగలేదు. అడిగి ఉంటే లేదనే చెప్పేవాడేమో. అడగలేదు కాబట్టి ఆ మాట అతని దగ్గరే మిగిలిపోయింది, ఇంకో గంట దాన్ని పెట్టుకుని కూర్చోవాలి.

కారిడారులో కుర్చీలు నాలుగేసి చొప్పున ఒక్కో ఇనుప కమ్మీకి బిగించి ఉన్నాయి, ఒకరు కాలు మీద కాలు వేసుకుంటే మిగతా ముగ్గురూ ఊగాలి. అత్తగారు ఊగింది కాని కళ్ళు తెరవలేదు. పొద్దున తొమ్మిది దాటితే ఆవిడకు నిద్రవేళ. ఒళ్ళో చేతిసంచి, దాని మీద రెండు చేతులు, మెడ నిటారు. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసిన మనిషి, అందులో సగానికి పైగా రాత్రి డ్యూటీలే, కూర్చున్నచోట కునుకు తీయడం ఆవిడకు చేతిలో పని. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అని ఊరికే అన్నారా. అతనికి మాత్రం ఇప్పుడు నిద్రా లేదు, మెలకువా లేదు. పన్ను పీకేముందు సూది గుచ్చిన దవడలా ఉంది మనిషి మొత్తం. ఎదురుగా ఒకావిడ తడిగుడ్డ కట్టిన కర్రతో నేల తుడుస్తూ అతని బూట్ల దాకా వచ్చి ఆగింది. కాళ్ళు ఎత్తాలని అతనికి తెలుసు, ఎత్తడానికి కాసేపు పట్టింది. ఆవిడ కింద తుడిచి ముందుకు పోయింది. ఈ కారిడారులో అలాంటివాళ్ళు ఆవిడకు అలవాటే అయి ఉంటారు. బోర్డు మీద ఎర్రగా పంతొమ్మిది ఉంది.

ఫోను మోగింది, భార్య. వెనకాల ఆవిడ పనిచేసే కోల్డ్ స్టోరేజి మోటార్ల హోరు.

"పిలిచారా?"

"ఇంకా లేదు. పట్టీ ఇచ్చాను."

"అమ్మకిచ్చిన నిద్రమాత్ర పనిచేసిందని వస్తే సరే. లేదంటే వృద్ధుల హోములో చేర్చే ఆ ఫారం మీద డాక్టరమ్మ సంతకం పెట్టించండి. నీలం కవర్లో ఉంది, మీ సంచి పక్క అరలో పెట్టాను. డాక్టరమ్మకీ పొద్దున ఫోన్ చేసి చెప్పాను. ఆ హోములో ఖాళీ మంచం ఒక్కటే ఉందట, శుక్రవారం దాకా ఆపుతామన్నారు."

"ఊఁ."

"నాకు మాత్రం ఇష్టమా అండీ. తలుపుకి తాళాలేసే చోట అమ్మని పెట్టాలని ఉంటుందా." హోరు దగ్గరై మళ్ళీ దూరమైంది. "మాత్ర పనిచేసినట్టే ఉంది కదూ? పదిహేను రోజులుగా రాత్రిళ్ళు చప్పుడే లేదు."

"చప్పుడు లేదు," అన్నాడు.

అదీ అబద్ధం కాదు. ఈ రోజంతా ఇలా అబద్ధం కాని మాటలే వస్తున్నాయి నోట్లోంచి, ఒక్కొక్కటీ కత్తిరించి కొలత సరిచూసి పెట్టినట్టు. పనివల్ల వచ్చిన గుణం కావచ్చు. అతను దర్జీ. కొత్తబట్టలు కుట్టే దర్జీ కాదు, పాతవి సరిచేసే దర్జీ. లావైనవాళ్ళకు నడుము వదులు చేస్తాడు, చిక్కినవాళ్ళకు లోపలికి పడతాడు, అన్న చొక్కా తమ్ముడికి సరిపెడతాడు. ముందుగది కిటికీ దగ్గర మిషను, దాని పక్కన మంచం, అదే దుకాణం. అమ్మని రాత్రిళ్ళు మీరు చూడండి, ఇంట్లోనే ఉంటారు కదా అని భార్య అన్నది అందుకే. ఆవిడ తెల్లవారకముందే నాలుగున్నరకు బయల్దేరి వెళ్ళి, చలిగదులన్నీ తిరిగి ఏ గది ఎంత చల్లగా ఉందో చూసి రాసుకోవాలి. ఒక్క గది లెక్క తప్పితే లారీ సరుకు కుళ్ళిపోతుంది. నిద్ర లేకుండా ఆ పని కుదరదు. అందుకని లోపలిగది తలుపు వేసుకుని ఆవిడ పడుకుంటుంది, తెల్లారగట్ల పెరటిదారినే వెళ్ళిపోతుంది, అత్తగారిని రాత్రిళ్ళు కనిపెట్టుకునే పని అతనికి వచ్చింది. ఎవరూ ఒకరినొకరు తప్పుపట్టలేదు, వాదన కూడా జరగలేదు. అల్లుడు ఇల్లరికం పోవడం విన్నాంగాని అత్త ఇల్లరికం రావడం ఇదే చూడ్డం అని అతని అన్న ఒకసారి వచ్చి నవ్వి, టీ తాగి, రాత్రికి ఉండకుండా వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే ఎవరిదో కోటు చేతులు పొట్టి చేసి మళ్ళీ ఎక్కించేటప్పుడు ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ కుట్టాడు. వేసుకున్న పెద్దమనిషి అద్దం ముందు నిలబడి, నేను వస్తున్నానా పోతున్నానా చెప్పవయ్యా అని అడిగాడు. అది తలుచుకుంటే నవ్వు రావాలి. నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో ఆ చోటు గుర్తుంది, అక్కడిదాకా వెళ్ళి చూస్తే ఏమీ లేదు.

బోర్డు మీద ఇరవై రెండు. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం మీద తలకాయ బొమ్మ గీసి చూపించింది. మెదడు అడుగున ఆవగింజంత ముద్ద ఒకటి ఉందట, ఇది రాత్రి, ఇది పగలు అని ఒంటికి చెప్పేది అదేనట. మనిషిని మెలకువగా నిలబెట్టే కణాలు మరికొన్ని ఉంటాయట. ఇంట్లోవాళ్ళు మతిమరుపని పసిగట్టేలోపే ఈ జబ్బు అక్కడ పని మొదలుపెడుతుందట. మేలుకుని ఉన్నకొద్దీ తలలో ఒక పదార్థం పేరుకుంటుంది, దాని బరువుకే రాత్రి రెప్పలు వాలతాయి, గాఢనిద్రలో చెత్తంతా కడుక్కుపోతుంది, మీ అత్తగారికి ఆ కడగడం సరిగ్గా జరగడం లేదు, అందుకని పగలు కునుకు, రాత్రి తిరుగుడు అంది. అతనికి బాగానే అర్థమైంది. మిషను పళ్ళ కింద బట్టల పీచు చేరుతుంది. వారానికోసారి పలక విప్పి బ్రష్షుతో తుడవాలి. తుడవకపోతే బట్ట ముందుకు జరగదు, సూది ఒకేచోట దిగి దిగి దారం ముడిపడిపోతుంది. అత్తగారి మాటలూ అలాగే ఒకేచోట దిగుతున్నాయి. ఈ మాత్ర మత్తుమందు కాదని కూడా డాక్టరమ్మ చెప్పింది. మెలకువ తెచ్చే రసాయనం ఒకటి తలలో తలుపు కొడుతూ ఉంటుంది, ఈ మాత్ర ఆ తలుపుకు లోపల గడియ పెడుతుంది, అంతే. మరి పదకొండు నెలలుగా నిద్రలేనివాడి తలలో ఎంత పీచు చేరి ఉంటుందని అతను అడగలేదు. ఆ రోజు వచ్చింది ఆవిడ కోసం.

పదకొండు నెలలు. సాయంత్రం వెలుగు తగ్గేసరికి అత్తగారు జడ వేసుకునేది. చేతిసంచి భుజాన తగిలించుకుని వీధితలుపు దగ్గర నిలబడి, డ్యూటీకి టైమయింది, తలుపు తియ్యండి అనేది. మొదట్లో మర్యాదగానే. ఇరవై ఆరేళ్ళుగా అల్లుడుగారూ అని తప్ప పిలవని మనిషి, అతను గదిలోకి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడే మనిషి, రాత్రి పదయ్యేసరికి ఎవడ్రా నువ్వు, నా దారికి అడ్డం లే అనేది. తాళం చెవి అతని జేబులో ఉందని తెలిసి జేబు చింపేది. దర్జీ ఇంట్లో చిరుగుకు కొదవలేదు గనక పొద్దున్నే ఆ జేబు మళ్ళీ కుట్టుకునేవాడు. కొట్టేది కూడా. చిన్నచేతులు, గట్టిదెబ్బలు. దెబ్బలకన్నా ఏడుపు కష్టంగా ఉండేది. వార్డులో నా కోసం ఎదురుచూస్తుంటారు, ఎవరూ లేరు వాళ్ళకి, వదలవయ్యా అని దణ్ణం పెట్టేది. రెండింటికి, మూడింటికి తలుపుకు తల ఆనించి నిలబడే ఉండేది. అతను ఎదురుగా నేల మీద కూర్చుని ఆ పాదాలవైపు చూస్తూ ఉండేవాడు. కంటి మీద కునుకు పడితే గడియ చప్పుడు. మొదట్లో జాలి వేసేది, తరవాత కోపం వచ్చేది, ఏడో నెలలో ఒకరాత్రి తలుపు తీసేస్తే ఏమవుతుందని అనిపించింది, ఆ తరవాత ఏమీ అనిపించడం మానేసింది. తన చెయ్యి కత్తెర పట్టుకుంటే ఎవరో పట్టుకున్నట్టు ఉండేది.

అప్పుడు ఈ పట్టీ వచ్చింది. గడియారంలా ఉంటుంది, ముళ్ళుండవు, మనిషి కదిలితే లోపల రాసుకుంటుంది. పద్నాలుగు రోజులు చేతికి ఉంచండి, రోజూ తొమ్మిదింటికి ఒక మాత్ర వెయ్యండి, గంటకొక గడి చొప్పున ఈ చార్టు నింపండి, తీసుకుని రండి, పనిచేస్తే ఆరు నెలలకు రాసిస్తాను అని చెప్పి పంపారు. ఇంటికొచ్చి దీపం వేశాక అత్తగారు తన మణికట్టు చూసుకుంది. చాలాసేపు చూసింది. ఆవిడ లెక్కలో చేతికి పట్టీ ఉండేది పేషెంటుకు. నర్సుకు ఎవరు కడతారు, ఎవరో కొత్తపిల్ల పొరపాటు చేసింది. రెండువేళ్ళతో బొత్తం నొక్కి తీసేసింది, అతను పావుగంట అవస్థపడి కట్టినదాన్ని. గది అంతా చూసింది. గదిలో ఉన్నది అతనొక్కడే. కళ్ళు గుంటలు పడి, గడ్డం మాసి, గోడకు చేరగిలబడి కూర్చున్నవాణ్ణి చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది. ఇలా రా నాయనా అంది. ఆ గొంతు అతను అంతవరకూ వినలేదు. కిటికీ పక్క మంచం చూపించి నాలుగో నంబరు నీది, పడుకో అంది. అతని చేతికి పట్టీ కట్టి, కింద వేలు దూరుతుందో లేదో చూసి, దుప్పటి అంచు పరుపు కిందికి దోపింది. బల్ల మీద విప్పి పెట్టిన మాత్ర, గ్లాసుతో నీళ్ళు ఉన్నాయి, ఆవిడ కోసం పెట్టినవి. అవి తెచ్చింది. నోరు తెరువు. నాలుక కింద దాచి తరవాత ఉమ్మేద్దామనుకున్నాడు. ఆ ఎత్తు కనిపెట్టలేనిదైతే ముప్పై నాలుగేళ్ళు ఎలా చేసింది. నాలుక ఎత్తు నాయనా అంది. మింగాడు. ఆవిడ లైటు తగ్గించింది. ఆ తరవాత అతనికి గుర్తున్నది కిటికీలో పొద్దు.

మొదటి రాత్రి ఆవిడ చేసింది. దానికి అతని పూచీ ఏమీ లేదు, ఎవరి ముందైనా చెప్పగలడు. లేవగానే వీధితలుపు చూశాడు, గడియ ఉన్నది ఉన్నట్టే ఉంది. పొయ్యి చూశాడు, కట్టేసే ఉంది. అత్తగారు మంచం ఎదుట కుర్చీలో కూర్చుని ఉంది, నిటారుగా, మెలకువగా, మొహం తేటగా. డ్యూటీకి టైమయిందని తలుపు దగ్గరికి వెళ్ళలేదు, డ్యూటీయే ఇంటికి వచ్చింది గనక. పొద్దున తొమ్మిదింటికి ఆవిడ పడుకుని మధ్యాహ్నం మూడింటిదాకా లేవలేదు. అతను మిషను తొక్కాడు. కుట్టు తిన్నగా పడింది. కాఫీకి వాసన ఉందని ఆరోజే మళ్ళీ తెలిసింది. సాయంత్రం వెలుగు తగ్గుతుంటే తొమ్మిది ఎప్పుడవుతుందా అని గడియారం చూశాడు, అది ఎందుకో తనకు తాను చెప్పుకోలేదు. రెండో రాత్రి మాత్ర ఆవిడకే వెయ్యాలి. గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు కూడా. అత్తయ్యగారూ, ఇది మీది అనాలి. ఆవిడ చెయ్యి చాపింది. అతను సిస్టర్ అన్నాడు. సిస్టర్ అని పిలిచి, మంచం ఎక్కి, పట్టీ ఉన్న చెయ్యి చాపి, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచాడు. మూడో రాత్రి నాలుక కూడా తనే ఎత్తి చూపించాడు. మతి పోయింది ఆవిడకా తనకా అంటే ఆవిడ పేరు చెప్పి తప్పించుకోవచ్చు. అతని మతి మాత్రం చక్కగా ఉంది, తెలిసి మింగాడు. ముసలావిడ మందు, ఆమె కళ్ళ ముందే, పద్నాలుగు రోజులు. సిగ్గుపడాలి. పడదామని చూస్తున్నాడు.

ఇరవై ఎనిమిది. పక్కన అత్తగారి తల కొంచెం వాలింది, మళ్ళీ దానంతటదే నిలబడింది. సంచిలో నీలం కవరు పక్కనే ఆ చార్టు ఉంది. దాన్ని అతను నింపలేదు. నిద్రపోయేవాడు ఎలా నింపుతాడు. రెండోరోజు పొద్దున మర్చిపోయానే అనుకుంటూ తీసి చూస్తే అప్పటికే నింపి ఉంది. నిలువుగీతలు కొట్టి, గుండ్రటి చిన్న అక్షరాలతో, పది నిద్ర, పదకొండు నిద్ర, పన్నెండు నిద్ర, పక్కనే నాడి. డెబ్బై రెండు, డెబ్బై, అరవై ఎనిమిది. తన కూతురి పేరు రెండుసార్లు అడిగే మనిషి, కిందటి నెల సబ్బు కొరికిన మనిషి, రాత్రంతా గంటగంటకూ అతని నాడి లెక్కపెట్టి తప్పులేకుండా రాసింది. పద్నాలుగు మాత్రలూ మొన్నటితో అయిపోయి నిన్నరాత్రి ఖాళీ. నిద్రపట్టక కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అప్పుడు విన్నాడు. గంట కాగానే కుర్చీ కిర్రుమనడం, చెప్పులు విప్పి వట్టికాళ్ళతో రావడం, మూడువేళ్ళు మణికట్టు మీద, ఆ వేళ్ళ చల్లదనం, పెదవుల మీద లెక్క. మళ్ళీ కుర్చీ. ఒక్కసారి కూడా వెనక్కి ఆనుకోలేదు. పద్నాలుగు రాత్రులు ఇలాగేనన్నమాట, ఎనభై దగ్గరపడిన మనిషి. అప్పుడైనా లేచి కూర్చుని ఏదో ఒకటి అనాల్సింది, అనలేదు. ఎవరైనా తనను అలా చూసుకుంటుంటే కదలకూడదనిపించింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే డాక్టరమ్మ మాత్ర పనిచేసిందంటుంది, ఆరు నెలలకు రాసిస్తుంది, ఫారం అవసరం ఉండదు, శుక్రవారం గడిచిపోతుంది. ఆ ఆరు నెలలూ మాత్ర ఎవరు మింగుతారో అతనికి తెలుసు. ఈసారి పట్టీ కూడా ఉండదు, చూసేవాళ్ళెవరూ లేరు, ఒక్కమాట మింగితే నూట ఎనభై రాత్రుల నిద్ర. ఆవిడ మాత్రం రాత్రంతా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటుంది, ఆ తలలో కడగాల్సింది కడగకుండా పేరుకుంటూనే ఉంటుంది, పడిపోయేదాకా. నిజం చెబితే మాత్ర ఆవిడకు అసలు పడనే లేదని తేలుతుంది, అప్పుడు సంతకం, తాళాలు, ఇంకెవరి తలుపు దగ్గరో ఆవిడ జడ వేసుకుని నిలబడి దణ్ణాలు పెట్టడం. రెండూ అతని నోట్లోనే ఉన్నాయి. ఏది చెబితే ఏం పోతుందో ఇంత స్పష్టంగా తెలుస్తోంది కదా, మరి లోపల ఏదో ఒకటి తగలాలి కదా. ఇరవై తొమ్మిది. ముప్పై. గుండె మీద చెయ్యి పెట్టుకుని చూశాడు, మామూలుగా కొట్టుకుంటోంది. ముప్పై ఒకటి వెలిగింది.

"సిస్టర్, పిలుస్తున్నారు," అన్నాడు మెల్లగా. ఆ మాటకు ఆవిడ వెంటనే లేచింది. లోపల కుర్చీ చూపించగానే కూర్చుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"పడుకోనివ్వండి, లేపకండి," అంది డాక్టరమ్మ. చిన్నవయసు, తెల్లకోటు చేతులు రెండు అంగుళాలు పొడుగు ఉన్నాయి, అవి ఎక్కడ పట్టాలో అతని కన్ను అప్పుడే కొలిచింది. ఆమె కంప్యూటరు తెర అతనివైపు తిప్పింది. "ఇది చూడండి. పగలంతా ఈ గీతలన్నీ కదలిక. రాత్రి పదయ్యేసరికి నున్నగా అయిపోయింది, అయిదున్నర దాకా. రెండింటికీ మూడింటికీ మధ్య కొంచెం కదులుతున్నారు, రోజూ అదే వేళకి, అంతే. ఈ వయసులో ఇంత మంచి నిద్ర నేను చూళ్ళేదు."

అతను తెరవైపు చూశాడు. తన నిద్రను అలా బయట పెట్టి చూడటం అతనికి మొదటిసారి. బాగుంది నిజంగానే.

అతను సంచిలోంచి తీసిచ్చిన కాగితం చూసింది. "ఈ చార్టు కూడా. గంటగంటకీ నాడితో సహా. మా వార్డులో కూడా ఇంత శుభ్రంగా రాయరు." అతను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఆమె కాగితం తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. "పన్నెండు, ఒకటి, రెండు, మూడు. ఏ ఒక్క గంటా వదల్లేదు." తల ఎత్తి అతని మొహం చూసింది. "మరి మీరెప్పుడు పడుకున్నారు?"

పదకొండు నెలల్లో అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. భార్య అమ్మ పడుకుందా అని అడిగేది, అన్న అత్తగారు పడుకుంటున్నారా అని, పక్కింటివాళ్ళు ఆవిడ పడుకోరా అని. అడగలేదని అతనికి కోపం లేదు, అడగాల్సినదని కూడా ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు అడిగేసరికి దగ్గరున్న జవాబే బయటికి వచ్చింది.

"నేను పడుకున్నదేనండి అది."

తరవాత మిగతాది చెప్పాడు. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పట్టీ, నాలుగో నంబరు మంచం, మాత్ర. చార్టు ఎవరు రాశారో చెప్పినప్పుడు డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ చదివింది.

"పద్నాలుగూ మీరే వేసుకున్నారా?"

"పద్నాలుగూ."

"మొదటిది సరే, ఆవిడ వేశారు."

"అవునండి. రెండోదానికి నేనే నోరు తెరిచాను."

ఆమె అరవలేదు. బీపీ, షుగరు ఏమైనా ఉన్నాయా అని అడిగి, లేవంటే రాసుకుంది. "ఆవిడకి ఒక్కటి కూడా పడలేదు. రాత్రంతా ఒకరు మేలుకునీ ఒకరు మందు మింగీ, ఇలా ఒక ఇంట్లో ఇద్దర్ని వదిలేస్తే రేపు ఇద్దరూ నాకు పేషెంట్లే. మీ ఆవిడ ఫోన్ చేశారు. ఫారం తెచ్చారా?"

నీలం కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు ఏడుపు రావాలి అనుకున్నాడు. నోరు విప్పి తన నిద్ర తను పోగొట్టుకున్నాడు, అత్తగారిని తాళాల్లో పెట్టించాడు, ఒక్క మాటతో రెండూ చేశాడు, ఇంకెప్పుడు వస్తుంది. రాలేదు. ఎప్పటి నుంచో రావడం లేదు, ఆ బావి ఎండిపోయిందని ఊరుకున్నాడు. డాక్టరమ్మ ఫారం విప్పి, సంతకం చోటు వెతికి, పెన్ను మూత తీసింది.

ఆ టిక్కుమనే చప్పుడుకు అత్తగారు కళ్ళు తెరిచింది. ఎదురుగా తెల్లకోటు. చేతిసంచి కుర్చీలో పెట్టి లేచి నిలబడింది, చేతులు ముందు కట్టుకుని.

"నాలుగో నంబరండి," అంది. "వచ్చి పదిహేను రోజులు. జ్వరం లేదు. నాడి బాగుంది. మాత్రకి నిద్ర పడుతోంది. నిన్న మాత్ర లేదు, నిద్రపోలేదు. నిద్రపోయినట్టు పడుకున్నాడు, మనకి తెలీదనుకుంటారు."

డాక్టరమ్మ అతని వైపు చూసి, ఆవిడ వైపు తిరిగింది. "ఇంకేమన్నా ఉందా సిస్టర్?"

"రెండింటికీ మూడింటికీ మధ్య ఏడుస్తాడండి. నిద్రలోనే. పొద్దునకి గుర్తుండదు. మొదటిరోజు లేపి చూశాను, లేవలేదు. అందుకని చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నాను. కాసేపటికి ఆగుతుంది."

"చార్టులో రాయలేదే?"

"పేషెంటు తాలూకు వాళ్ళు చదువుతారు కదండీ." చార్టు వైపు చూసింది. "ఇంతవరకూ ఎవరూ రాలేదనుకోండి."

తెర మీద నున్నటి గీత మధ్యలో, రెండుకూ మూడుకూ నడుమ, పద్నాలుగు రోజులకూ పద్నాలుగు చిన్న వణుకులు ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని చూస్తోంది. అతనూ చూశాడు. ఎవరో పరాయివాడి కష్టం చూసినట్టే చూశాడు, వాడి మీద జాలి వేసింది.

అత్తగారు ఒక అడుగు ముందుకు వేసి, పేషెంటు చెవిన పడకూడదన్నట్టు గొంతు తగ్గించింది. "అప్పుడే పంపెయ్యకండి డాక్టరుగారూ. అక్కడ చూసేవాళ్ళెవరూ ఉన్నట్టు లేరు. ఇంకొన్నాళ్ళు మన దగ్గరే ఉంచుకుందాం."

డాక్టరమ్మ పెన్ను ఫారం మీద ఆనకుండా అలాగే ఆగింది.

"మీరేమంటారు?" అని అతన్ని అడిగింది.

అతను చెయ్యి చాపి ఫారాన్ని తన వైపుకు జరుపుకున్నాడు.

"సిస్టరుగారు చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు.